కారం చేతులు

మా ఇంట్లో నేను ఆఫీసు పని చేసుకునే గదికి ఒకటే కిటికీ. అది కింద వాకిట్లోకి చూస్తుంది. మిరప సీజన్లో ఆ కిటికీ తెరిస్తే దగ్గు ఆగదు, మూస్తే కింద ఆడుకుంటున్న మా పాప కనబడదు. నేను మూసుకునే కూర్చున్నాను. ఒకరోజు కాదు, రెండ్రోజులు కాదు, సీజన్లకు సీజన్లు.

గుంటూరులో ఒక మిర్చి వ్యాపారి దగ్గర నేను లెక్కలు చూస్తాను. రైతులు యార్డుకి తెచ్చిన కాయలు మా షావుకారుగారు కొంటారు. కొన్ని కోల్డ్ స్టోరేజీలో పెడతారు, కొన్ని తొడిమలు తీయించి బయటి దేశాలకు పంపుతారు. బిల్లులు, పన్నులు, లారీ కాగితాలు నా పని. కంప్యూటరూ ఫోనూ ఉంటే ఎక్కడ కూర్చుని అయినా చేయొచ్చు. తొడిమలు తీసేది ఆడవాళ్లు. ఊరి చివర రేకుల షెడ్డులో చిన్న పీటలేసుకుని, మొహాలకి గుడ్డ కట్టుకుని, కాయ కాయా పట్టుకుని తొడిమ గిల్లేస్తారు. మంచి కాయ బుట్టలోకి, తెల్లబారిన తాలు కాయ పక్కకి. పొద్దున కూర్చుంటే సాయంత్రం దాకా అదే పని.

ఆ ఆడవాళ్లలో ఒకామె మా కింద పోర్షన్లో ఉంటుంది. నాకంటే పెద్దది, అక్కా అని పిలుస్తాను. దర్శి వైపు నుంచి వచ్చిన కుటుంబం. భర్త ఆటో తోలతాడు, ఒక్కతే కూతురు. అక్క నన్ను రెండు రకాలుగా పిలిచేది. షెడ్డులో, షావుకారుగారి మనుషుల ముందు, "మేడమ్, మీరు" అనేది. ఇంటికొచ్చి చెప్పులు విప్పగానే "అమ్మాయ్, నువ్వు" అనేది. మొదట్లో నాకు నవ్వొచ్చేది. తర్వాత ఆ "అమ్మాయ్" వినబడకపోతే ఇంటికి వచ్చినట్టే ఉండేది కాదు.

లాక్‌డౌన్ పెట్టినప్పుడు ఆఫీసు మూసి మమ్మల్ని ఇళ్ల నుంచి పని చేయమన్నారు. షెడ్డుకీ తాళం పడింది. ఆడవాళ్లకి పని లేదు. కింద అక్క గడప మీద ఊరికే కూర్చుని ఉండటం చూసి నా ప్రాణం ఉసూరుమంది. షావుకారుగారికి ఫోన్ చేశాను.

"సార్, మేమంతా ఇళ్ల దగ్గరే చేసుకుంటున్నాం కదండీ. వాళ్లకి కూడా బస్తాలు ఇళ్లకే పంపిస్తే?"

"భలే మాట చెప్పారమ్మా," అన్నారాయన.

ఆ వారమే ట్రాలీ ఆటోలో ఇంటింటికీ బస్తాలు దిగాయి. ఆడవాళ్లు నాకు ఫోన్లు చేసి నీ కడుపు చల్లగుండ అన్నారు. అన్నం తింటూ మా ఆయనకి కాస్త గొప్పగానే చెప్పుకున్నాను. ఆ రోజు నేనన్నది మంచి మనసుతో అన్నమాటే. అందులో ఏ మెలికా లేదు.

కానీ నాకు తెలియాల్సింది. నేను పట్నంలో పుట్టినదాన్నేమీ కాదు. కనిగిరి వైపు మెట్టలో, మిరపతోట ఉన్న ఇంట్లో పుట్టాను. కోతల రోజుల్లో అమ్మ సాయంత్రం వచ్చి మజ్జిగతో, నూనెతో చేతులు రుద్దుకుని కూడా మమ్మల్ని దగ్గరికి రానిచ్చేది కాదు. అన్నం కూడా గరిటెతో పెట్టేది. అవన్నీ తెలిసినదాన్ని, పనంటే పనేగా, నా పని ఇంట్లోకి వచ్చినప్పుడు వాళ్ల పని మాత్రం ఎందుకు రాకూడదు అనుకున్నాను. నా పని లాప్‌టాప్ మూత వేస్తే అయిపోతుంది. మిరపకాయకి మూత ఎక్కడ పెడతాం?

షెడ్డు దగ్గర ఒక కుళాయి ఉండేది. లోపల గోడకి వరసగా మేకులు ఉండేవి. పొద్దున వచ్చి ఇంటి చీర విప్పి మేకుకి తగిలించి పని చీర కట్టుకునేవాళ్లు. సాయంత్రం మోచేతుల దాకా కడుక్కుని, నూనె రాసుకుని, మళ్లీ చీర మార్చుకుని బస్సు దాకా నడిచి వచ్చేవాళ్లు. ఘాటు అక్కడే ఆగిపోయేది. ఇంటికి బస్తా వచ్చాక ఆ మేకులూ లేవు, ఆ కుళాయీ లేదు, ఆ నడకా లేదు. బిందెకీ చెంబుకీ కారం, దిండు గలీబుకి కారం, తలుపు గొళ్లేనికి కారం. వంటకి లేచినప్పుడు కడగాలి, మళ్లీ వచ్చి కూర్చోవాలి, మళ్లీ లేవాలి. ఎన్నిసార్లని కడుగుతారు?

లాక్‌డౌన్ పోయింది. షెడ్డు మాత్రం తెరవలేదు. అద్దె మిగిలింది, కరెంటు మిగిలింది, టీలు మిగిలాయి. షావుకారుగారు చెడ్డమనిషి కాదు, వ్యాపారి. ఆఫీసు వాళ్లు ఒక్కొక్కరే తిరిగి వెళ్లారు. నాకప్పుడు కడుపు. తర్వాత పాప పుట్టింది. "మీరు ఇంటి దగ్గర్నుంచే చేయండమ్మా, పని ఆగకపోతే చాలు," అన్నారు. నేను ఆ మాటని గట్టిగా పట్టుకున్నాను.

పాప నడక నేర్చాక అసలు కథ మొదలైంది. మా ఆయన పొద్దున విజయవాడ వెళితే చీకటి పడ్డాక వస్తాడు. నేను ఫోన్లో బ్యాంకు వాళ్లతో మాట్లాడుతుంటే పాప వచ్చి కీబోర్డు మీద కూర్చునేది. ఓ రోజు అక్క కింద నుంచే కేకేసింది.

"అమ్మాయ్, దాన్ని కిందికి దింపు. నేనెటూ ఇక్కడే పడుంటాగా!"

అంతే. ఆ రోజు నుంచి ఫోన్ మోగితే పాప కింద, అయిపోతే పైన. తర్వాత తర్వాత ఫోన్ మోగకపోయినా కిందే. నేను అక్కకి చెప్పి పంపిందీ లేదు, ఆమె కాదన్నదీ లేదు. ఆఫీసులో ఉన్న ఆడపిల్లలు పిల్లల్ని ఎక్కడ వదలాలా అని తలలు పట్టుకుంటుంటే నేను అదృష్టవంతురాలినని చెప్పుకునేదాన్ని. వీడియో కాల్‌లో నాకు దగ్గొస్తే అవతల వాళ్లు నవ్వేవాళ్లు, "మీ కింద మళ్లీ బస్తా దిగిందా మేడమ్?" అని. నేనూ నవ్వి కిటికీ రెక్క ఇంకాస్త బిగించేదాన్ని.

అక్క పాపని చేత్తో ముట్టుకునేది కాదు. అరచేతులు రెండూ గాల్లోకి ఎత్తేసి, మణికట్లతో, ముంజేతులతో ఎత్తుకునేది. పాప చంకల కింద ముంజేతులు దూర్చి పైకి లేపి, గడ్డంతో బుగ్గ నొక్కేది. పాప ముక్కు కారితే నన్ను పిలిచేది. ఎప్పుడైనా పాప పరిగెత్తుకొచ్చి తన చెయ్యి పట్టుకోబోతే, నిప్పు దగ్గరికి వస్తున్న బిడ్డని చూసినట్టు, చేతులు వెనక్కి దాచేసుకుని, "వద్దు, కారం, కారం," అనేది. మా పాప మాటల్లో అమ్మ తర్వాత నేర్చిన మాట అదే. ముద్దుగా ఉందని వీడియో తీసి మా ఆయనకి పంపాను.

అక్క కూతురికి అప్పటికి ఏడెనిమిదేళ్లు. నడుం దాకా జడ ఉండేది ఆ పిల్లకి. ఒకరోజు చూస్తే మగపిల్లాడి క్రాపు. పేలు పడ్డాయా అని అడిగాను.

"పేలు కాదమ్మాయ్," అంది అక్క, కాయ తొడిమ గిల్లుతూనే. "జడెయ్యాలంటే నా చేతులా ఇట్టున్నాయి. ఎంత కడిగినా పోవట్లా. తలలో చెయ్యి పెడితే మాడు మంట, చెమట పట్టి కళ్లలోకి దిగితే ఇంకా మంట. బడికెళ్లి రోజూ ఏడుస్తంది. వాళ్ల నాన్న తీసుకెళ్లి క్రాపు కొట్టించేశాడు. రెండ్రోజులు అన్నం తినలా."

"జుట్టేగా అక్కా, మళ్లీ పెరుగుతుందిలే," అన్నాను. అని, పాపని ఆమె దగ్గరే వదిలి, పైకి వచ్చేశాను. ఆ రోజు జీఎస్టీ కట్టాల్సిన గడువు. ఆ కారణం ఇప్పుడు నాకే వినబుద్ధి కావడం లేదు.

ఇక నేను చేసింది చెప్తాను. ఓ పొద్దున షావుకారుగారు ఫోన్ చేశారు. ఇళ్లలో తీసిన కాయల్లో వెంట్రుకలు, దారప్పోగులు వస్తున్నాయని కొనేవాళ్లు గోల పెడుతున్నారట.

"మళ్లీ షెడ్డు తెరుద్దామా అని ఆలోచనమ్మా. తెరిస్తే మీరు కూడా రావాలి, అక్కడ తూకాలూ అవీ చూడటానికి నమ్మకమైన మనిషి కావాలిగా. ఆడవాళ్లేమంటారో ఒకసారి కనుక్కుని చెప్పండి. వాళ్లకి ఇళ్ల దగ్గరే బాగుందంటే, ఇళ్లలోనే జాగ్రత్తలు చెప్పి కానిద్దాం."

కనుక్కుని చెప్తానండీ అంటే సరిపోయేది. మెట్లు దిగితే అక్క ఉంది. ఆమెని అడిగితే మిగతా అందరినీ అడిగినట్టే. నేను దిగలేదు. పొద్దున్నే పాపని లేపి, తయారుచేసి, ఎక్కడో వదిలి, బస్సెక్కి, రేకుల కింద ఎండలో కూర్చోవడం ఒక్క క్షణంలో కళ్ల ముందు తిరిగింది.

"వాళ్లకి ఇళ్ల దగ్గరే బాగుందటండీ," అన్నాను.

"అడిగారా?"

"అప్పుడప్పుడూ అంటూనే ఉంటారండీ."

"సరే అయితే. వాళ్ల ఇష్టమే మనకి కావాల్సింది," అని పెట్టేశారు. కింద నుంచి అక్క దగ్గు వినిపిస్తోంది. దగ్గీ దగ్గీ, మధ్యలో మా పాపకి ఏదో పాట పాడుతోంది.

ఆ తర్వాత నా చేతులు ఊరుకోలేదు. అక్కకి రబ్బరు గ్లౌజులు కొన్నాను. అవి వేసుకుంటే గోరు పని చేయదని ఆమె వాటితో అంట్లు తోముకుంది. ఆ పిల్లకి గౌను కొన్నాను, రంగు పెన్సిళ్లు కొన్నాను. బత్తాయిలు తెస్తే సగం కిందికి పంపేదాన్ని. "ఎందుకమ్మాయ్ ఇయ్యన్నీ," అని అక్క సంబరపడేది. ఆమె సంబరపడేకొద్దీ నాకు ఇంకేదన్నా కొనాలనిపించేది. మా ఆయన, "ఏంటి, ఈ మధ్య దానకర్ణుడివి అయ్యావు," అని ఆటపట్టించాడు. నాకు ఒళ్లు మండి అతనితో ఆ పూట మాట్లాడలేదు.

తర్వాతి సీజను మొదలవుతుండగా అక్కే అడిగింది. మెట్ల దగ్గర నిలబెట్టి, అరచేతులు పమిటలో చుట్టుకుని అడిగింది.

"అమ్మాయ్, షెడ్డు మళ్లీ తెరుస్తారేమో, నువ్వో మాట అడగరాదూ? నీ మాటంటే షావుకారుకి గురి. అక్కడైతే ఎంత మండినా సాయంత్రానికి కడుక్కుని ఇంటికొస్తాం. ఇక్కడ పిల్ల నా పక్కలో పడుకోవట్లా. మంచం వేరే వేసుకుంది."

"అడుగుతాలే అక్కా," అన్నాను.

అడగలేదు. ఇవాళ, రేపు అనుకుంటూ జరిపాను. అడగాలంటే ముందు నేనాడిన అబద్ధం విప్పాలి. అది విప్పితే నా ఇంటి పని ఊడుతుంది. మెట్ల దగ్గర అక్క కనబడితే చాలు, ఫోన్లో ఎవరూ లేకపోయినా చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, "ఆ, చెప్పండి సార్," అనుకుంటూ దిగేదాన్ని. ఆమె పాపం పక్కకి తప్పుకుని దారి ఇచ్చేది. మాట్లాడేటప్పుడు నన్ను కదిలించకూడదని కూతురికి కూడా సైగ చేసేది. తేలు కుట్టిన దొంగలా నేను ఆ మెట్లు ఎన్నిసార్లు దిగానో.

ఒకరోజు మధ్యాహ్నం కరెంటు పోయింది. కిటికీ తెరవక తప్పలేదు. మా పాప పైనే ఉంది, గదిలో మూల కూర్చుని బొమ్మతో ఆడుకుంటోంది. అది ప్లాస్టిక్ పిల్ల బొమ్మ, వాళ్ల తాతయ్య కొనిచ్చింది. పాప దాన్ని నిద్రపుచ్చుతోంది. నేను ఊరికే చూస్తున్నాను. చూస్తుండగా నాకు అర్థమైంది. అది బొమ్మని చేత్తో పట్టుకోవడం లేదు. అరచేతులు రెండూ గాల్లోకి ఎత్తి, చిన్న మణికట్లతో బొమ్మని ఎత్తడానికి చూస్తోంది. బొమ్మ జారిపోతోంది. మళ్లీ ఎత్తుతోంది, మళ్లీ జారిపోతోంది. చివరికి ఎలాగో గుండెకి అదుముకుని, గడ్డంతో దాని బుగ్గ నొక్కింది. బొమ్మ చెయ్యి తన వేళ్లకి తగిలింది కాబోలు, గబుక్కున చేతులు వెనక్కి లాగేసుకుని, "వద్దు, కారం," అంది.

నేను దాని దగ్గరికి వెళ్లి, రెండు చేతులూ పట్టుకుని, "ఇట్లా పట్టుకో నాన్నా, చేత్తో పట్టుకో," అన్నాను. అది నా వంక అదోలా చూసింది. బిడ్డల్ని చేతులతో ఎత్తుకోవచ్చని నేను ఎప్పుడూ దానికి చూపించలేదా అనిపించింది. చూపించాను. కానీ రోజులో ఎంతసేపని? నాకు ఏడుపొచ్చింది.

వెంటనే ఫోన్ తీశాను. కాసేపు ఆగితే ఆగిపోతానని తెలుసు.

"సార్, షెడ్డు తెరవండి. ఆడవాళ్లకి ఇళ్లలో చాలా ఇబ్బందిగా ఉంది."

"అప్పుడు వాళ్లకి ఇళ్ల దగ్గరే బాగుందన్నారుగా?"

"అప్పుడు నేను వాళ్లని అడగలేదండీ."

"మీకు ఇంటి దగ్గర బాగుందని..." అని ఆపేశారు. తర్వాత, "సరే, వచ్చే నెల తెరుద్దాం. మీరు కూడా వచ్చేయండి," అన్నారు. తిట్టి ఉంటే బాగుండేది.

షెడ్డు తెరిచారు. పాపని ప్లే స్కూల్లో వేశాను. మొదటి వారమంతా గేటు దగ్గర నా చున్నీ పట్టుకుని వదిలేది కాదు. ఆయా వేళ్లు ఒక్కొక్కటే విడదీసేది. బస్సులో కూర్చుని నేను కళ్లు తుడుచుకునేదాన్ని. అయినా ఆ ఏడుపు నాకు న్యాయంగానే అనిపించింది, ఇన్నాళ్లూ ఇంకొకరి ఇంట్లో ఉన్నది ఇప్పుడు మా ఇంటికి వచ్చింది.

షెడ్డులో పండగలా ఉంది. ఆడవాళ్లు గోడకి కొత్త మేకులు కొట్టించుకున్నారు. పీటలు కడిగారు. ఎవరి పాత జాగా కోసం వాళ్లు పోట్లాడుకున్నారు. ఒకామె పాట ఎత్తుకుంటే ఇంకొకామె, "ఆపవే తల్లీ, కాయల ఘాటే నయం," అంది. అందరూ గుడ్డల వెనక నవ్వారు. అక్క నాకు టీ గ్లాసు తెచ్చిచ్చి, అందరికీ వినబడేట్టు, "మేడమ్ గారు గట్టిగా చెప్పబట్టే ఈ తలుపు తెరుచుకుంది," అంది. అందరూ నా వంక చూశారు. నేను టీ తాగాను. ఏం రుచో తెలియలేదు.

సాయంత్రాలు వాళ్లు కుళాయి దగ్గర కడుక్కుంటుంటే నేను తూకం కాగితాలు సర్దుకునేదాన్ని. అక్కా నేనూ ఒకే బస్సులో వచ్చేవాళ్లం. బస్సు దిగి ఇంటికి రాగానే ఆమె "అమ్మాయ్" అనేది. ఆ పిలుపు వినడానికి నాకు మొహం చెల్లేది కాదు. రోజూ చెబుదామనుకునేదాన్ని. రోజూ ఆమె సంతోషంగా ఉండేది, ఎందుకులే చెడగొట్టడం అనుకునేదాన్ని. అది ఆమె కోసమే అనుకున్నట్టు నటించేదాన్ని.

సీజను చివరికొచ్చింది. పని పలచబడి, షెడ్డుకి వరసగా కొన్నిరోజులు సెలవిచ్చారు. ఒక సాయంత్రం నేను పాపని ఎత్తుకుని కిందికి దిగేసరికి అక్క గడప మీద కూర్చుని ఉంది. ముందు మెట్టు మీద కూతురు. ఆ పిల్ల జుట్టు భుజాల దాకా వచ్చింది. అక్క ఒళ్లో కొబ్బరినూనె సీసా, దువ్వెన, ఎర్ర రిబ్బను. అక్క రెండు చేతులూ ఆ పిల్ల తలలో ఉన్నాయి. నూనె అద్ది, పాయలు తీసి, నెమ్మదిగా అల్లుతోంది. ఇంత దగ్గరగా ఆమె చేతుల్ని నేను అప్పుడే చూశాను. వేళ్ల కొసలు చర్మం ఊడి, నున్నగా ఉన్నాయి.

"రామ్మాయ్, కూర్చో," అంది. "చూశావా, జడ అందుతంది. పిల్లజడే అనుకో. అయినా జడ జడేగా."

ఆ పిల్ల కళ్లు గట్టిగా మూసుకుని కూర్చుంది. రెప్పలు ముడతలు పడేంత గట్టిగా.

"కళ్లు తెరవ్వే, కారం లేదిప్పుడు," అంది అక్క నవ్వుతూ. ఆ పిల్ల తల అడ్డంగా ఊపింది. తెరవలేదు.

మా పాప నా చంక దిగి, పోయి ఆ పిల్ల పక్కన మెట్టు మీద కూర్చుంది. తనకీ జడ కావాలన్నట్టు తల వెనక్కి వాల్చి, తనూ కళ్లు గట్టిగా మూసుకుంది.

నేను చెప్పేశాను. ముందుగా ఏం అనుకోలేదు, నోట్లోంచి వచ్చేసింది. "అక్కా, ఏడాది క్రితమే షావుకారు షెడ్డు తెరుస్తానన్నారు. మిమ్మల్ని అడిగి చెప్పమన్నారు. నేను అడగలేదు. మీకు ఇంటి దగ్గరే బాగుందని చెప్పేశాను. నాకు ఇంటి దగ్గర ఉండాలని ఉండి."

అక్క చేతులు ఆగిపోయాయి. "ఏడాది కిందా?" అంది.

"ఆఁ."

ఆమె కూతురి తల వంక చూసింది. మళ్లీ అల్లడం మొదలుపెట్టింది. ఒక పాయ మీద ఇంకో పాయ, తొందర లేకుండా. నేను ఏదన్నా అంటుందని నిలబడ్డాను. తిట్టినా బాగుండు, లేచి లోపలికి పోయినా బాగుండు అనుకున్నాను. రిబ్బను కట్టి, ముడి వేసి, కొసలు సమంగా ఉన్నాయో లేదో చూసింది.

"అయిపోయింది, కళ్లు తెరువు," అంది కూతురితో. ఆ పిల్ల తెరిచి, చెయ్యి వెనక్కి పెట్టి జడ తడుముకుంది.

మా పాప ఇంకా కళ్లు మూసుకునే ఉంది, తన వంతు కోసం. అక్క నూనె సీసాకి మూత బిగించింది. దువ్వెనలో వెంట్రుకలు తీసింది. నా వైపు చూడకుండానే అంది.

"చీకటి పడతంది. పాపని పైకి తీసుకెళ్లండి, మేడమ్."